ఏప్రిల్ 16 సరే, మరి 1837 సంగతి? రైల్వే వార్షికోత్సవాల తేదీల గురించి

కళాశాల రైల్వే క్లబ్బు కోసం గోడ క్యాలెండరు వేస్తున్నామని, మూడు చోట్ల ఆగిపోయామని రాశారు. దేశంలో తొలి రైలు 1853 ఏప్రిల్ 16న నడిచిందని పుస్తకాలన్నీ చెబుతుంటే, మద్రాసు దగ్గర 1837లోనే రైలు తిరిగిందని చదివారు. ఇంగ్లండు 2025లో రైల్వేకు 200 ఏళ్ళ పండుగ చేసుకుంది, కానీ ట్రెవితిక్ తయారుచేసిన ఆవిరి ఇంజను 1804 నాటిదని మీ మిత్రుడు పట్టుబడుతున్నాడు. ఇక తెలుగు ప్రాంతాలకు ఏ తేదీలు వేయాలన్నది మూడోది.

ముందుగా సూటి జవాబు. ఏప్రిల్ 16 ఉంచండి. 1837 కూడా వేయండి. 1804నూ, 1825నూ రెండింటినీ వేయండి. అవి ఒకదాన్నొకటి కొట్టేసే తేదీలు కావు. ప్రతి తేదీ పక్కన ఆ రోజు ఏం జరిగిందో ఒక వాక్యం సరిగ్గా రాస్తే చాలు. గొడవలన్నీ ఆ వాక్యం రాయకుండా ఉత్త ‘తొలి రైలు’ అని వదిలేయడం వల్లనే వస్తున్నాయి.

నేను రైల్వే ఆపరేటింగ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొత్త లైను తెరవడం ఒక్క రోజులో జరిగే పని కాదని అక్కడ పనిచేసిన ఎవరికైనా తెలుసు. ముందు పట్టాలు కలుస్తాయి. ఇంజను నడిపి చూస్తారు. రైల్వే భద్రతా కమిషనర్ మోటారు ట్రాలీ మీద వచ్చి వంతెనలూ మలుపులూ చూసి, వేగ పరీక్ష జరిపించి అనుమతి ఇస్తారు. చాలా లైన్లలో గూడ్సు బళ్ళు ముందే తిరుగుతుంటాయి. ఆ తరువాత పూలదండలు, పచ్చజెండా, ప్రసంగాలు. టికెట్టు కొన్న ప్రయాణికుడు ఎక్కేది తరచుగా ఆ మరునాడో, ఇంకొన్నాళ్ళకో. మన తరంలో చాలామందికి పుట్టిన తేదీ ఒకటి, బడిలో రాయించిన తేదీ ఒకటి ఉన్నట్టే, ఒక లైనుకు అయిదారు తేదీలుంటాయి. అన్నీ కాగితం మీద ఉన్నవే.

దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ మెట్రో. ప్రధానమంత్రి ప్రారంభించింది 2017 నవంబరు 28న, జనం ఎక్కింది 29న. లండన్ భూగర్భ రైలు కథా అంతే. 1863 జనవరి 9న అతిథులు తిరిగారు, 10న ప్రజలకు తెరిచారు, ఆ ఒక్కరోజే 38 వేల మంది ఎక్కారు. దక్షిణ భారతంలో తొలి ప్రయాణికుల లైను మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు వేసినది. దాన్ని గవర్నర్ లార్డ్ హారిస్ 1856 జూన్ 28న ప్రారంభించారు, ప్రజలకు బళ్ళు జూలై 1 నుంచి నడిచాయి. ఈ రెండు తేదీలలో ఏది కనిపించినా తప్పని కొట్టేయకండి. (ఆ రాయపురం స్టేషను భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. చెన్నై వెళితే చూసి రండి.)

ఇప్పుడు ఇంగ్లండు. మీ మిత్రుడు చెప్పిన 1804 నిజమే, కాకపోతే అది ఇంగ్లండులో కాదు, వేల్స్‌లో. ఫిబ్రవరి 21న పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుంచి రిచర్డ్ ట్రెవితిక్ ఇంజను 10 టన్నుల ఇనుమునూ, సుమారు 70 మంది మనుషులనూ లాగుతూ దాదాపు 16 కిలోమీటర్లు వెళ్ళింది. నాలుగు గంటలకు పైగా పట్టింది. ఇంత ఇనుమును ఆవిరితో లాగవచ్చా లేదా అని ఇద్దరు కర్మాగార యజమానులు వేసుకున్న పందెం దీనికి కారణం. ట్రెవితిక్ వైపు పందెం కాసిన శామ్యూల్ హామ్‌ఫ్రే ఆ కర్మాగారం యజమానే. ఇంజను బాగానే ఉంది, పట్టాలే తట్టుకోలేకపోయాయి. అప్పటి పోత ఇనుప పట్టాలు గుర్రపు బళ్ళ కోసం వేసినవి కాబట్టి ఇంజను బరువుకు విరిగిపోయాయి. కనుక 1804 ఫిబ్రవరి 21 పక్కన ‘పట్టాల మీద సరుకు లాగిన తొలి ఆవిరి ఇంజను’ అని రాస్తే తిరుగులేదు. ‘తొలి రైల్వే’ అని మాత్రం రాయవద్దు. బ్రిటను కూడా దీన్ని మరచిపోలేదు. 2004లో ఆ ఇంజను బొమ్మతో రెండు పౌండ్ల నాణెం వేసింది.

1825 సెప్టెంబరు 27న తెరిచిన స్టాక్టన్–డార్లింగ్టన్ లైను వేరే రకం. దానికి పార్లమెంటు చట్టం ఉంది, వాటాదారులున్నారు, రుసుము కడితే ఎవరైనా వాడుకోవచ్చు. ఆ లైను ఇంజనీరు జార్జి స్టీఫెన్సన్ స్వయంగా లోకోమోషన్ అనే ఇంజను నడిపాడు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది బొగ్గు బళ్ళ మీదికి కూడా ఎక్కేశారు. దీని వెనుక ఉన్న పెద్దమనిషి ఎడ్వర్డ్ పీజ్ మాత్రం ఆ రోజు రాలేదు. ముందు రోజు రాత్రే కొడుకు ఐజాక్ మరణించాడు. ఉత్సవాల పుస్తకాల్లో ఈ సంగతి ఒక మూలకు పోతుంది.

1825 గురించి ఇంకో విషయం క్యాలెండరులో తప్పక పెట్టండి. ఆ ప్రారంభం తరువాత ఈ లైను మీద రోజువారీ ప్రయాణికుల బళ్ళను లాగింది ఆవిరి కాదు, గుర్రాలు. ఆవిరి బొగ్గుకే పరిమితం. ప్రయాణికులకు ఆవిరి ఇంజన్లు వచ్చింది 1833లో. అందుకే ఆవిరితోనే నడుస్తూ, రెండు లైన్లతో, టైమ్‌టేబులుతో రెండు నగరాలను కలిపిన తొలి రైల్వే ఏదంటే 1830 సెప్టెంబరు 15న తెరిచిన లివర్‌పూల్–మాంచెస్టర్ అని చెప్పాలి. నన్నడిగితే ఈరోజు మనం ఎక్కే రైలుకు అసలు పూర్వీకుడు అదే. 1825కు దక్కినంత పేరు దానికి దక్కకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం.

ఆ ప్రారంభోత్సవం విషాదంగా ముగిసింది. ఇంజన్లు నీళ్ళు పట్టుకోవడానికి పార్క్‌సైడ్ దగ్గర ఆగాయి. దిగవద్దని చెప్పినా అతిథులు దిగారు. లివర్‌పూల్ ఎంపీ విలియం హస్కిసన్ ప్రధాని వెల్లింగ్టన్‌తో చేయి కలపడానికి ఆయన బోగీ దగ్గరికి వెళ్ళాడు. పక్క లైను మీద రాకెట్ ఇంజను వస్తోంది. తప్పుకోబోయి తడబడి దాని కింద పడ్డాడు, ఆ రాత్రే మరణించాడు. ‘లైను దాటవద్దు’ అని ప్రతి ప్లాట్‌ఫారం మీదా రాసే మాటకు ఇంత పాత చరిత్ర ఉంది. మీ క్యాలెండరులో సెప్టెంబరు 15న రెండూ రాయండి, ఒకటి రాసి ఒకటి వదలకండి.

ఇంకొకటి గమనించండి. పండుగ జరిగిన రోజును చూసి సంఘటన తేదీ నిర్ణయించకూడదు. స్టాక్టన్–డార్లింగ్టన్ శతాబ్ది ఉత్సవం 1925లో సెప్టెంబరులో కాదు, జూలైలో జరిగింది. ఆ వేసవిలో అంతర్జాతీయ రైల్వే కాంగ్రెస్‌కు వచ్చిన ప్రతినిధులకు చూపించాలని ముందుకు జరిపారు. 150 ఏళ్ళు నిండిన సందర్భంగా ఇంజన్ల ఊరేగింపు 1975 ఆగస్టు 31న షిల్డన్‌లో చేశారు. అప్పటి ఫోటోలు చూసి జూలై అనో ఆగస్టు అనో రాసినవాళ్ళున్నారు.

మన దేశానికి వద్దాం. 1853 ఏప్రిల్ 16, మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలు. బొంబాయిలోని బోరీబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు, 14 బోగీలు, సుమారు 400 మంది అతిథులు, 21 తుపాకుల వందనం. సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు లాగాయి. క్విజ్‌లలో అడిగేది ఇంతవరకే. అడగనిది ఒకటుంది. 1852 నవంబరులోనే కంపెనీ డైరెక్టర్లు ఆ లైను మీద ఠాణే దాకా వెళ్ళి వచ్చారు. అయినా ఏప్రిల్ 16నే లెక్కలోకి తీసుకోవడం సబబే, ఎందుకంటే ప్రజల కోసం ప్రయాణికుల రాకపోకలు దానితోనే మొదలయ్యాయి.

మరి 1837? మద్రాసు శివారులోని ఎర్రకొండల, అంటే రెడ్‌హిల్స్, క్వారీల నుంచి చింతాద్రిపేట వైపు రోడ్లకు రాయి తీసుకురావడానికి పట్టాలు వేశారు. పూనుకున్నది ఆర్థర్ కాటన్. మనకు గోదావరితో తెలిసిన కాటన్ దొరే. అక్కడ ఆవిరి ఇంజను కూడా వాడి చూశారు. 1851 డిసెంబరు 22న రూర్కీ దగ్గర గంగా కాలువను సోలానీ నది మీదుగా దాటించే వంతెన (అక్విడక్టు) పనిలో థామసన్ అనే ఇంజను మట్టి మోసింది. ఇవన్నీ పని కోసం వేసుకున్న పట్టాలు. పని అయిపోతే పట్టాలూ పోతాయి. ఠాణే లైను మీద మాత్రం ఈరోజూ లోకల్ రైళ్ళు నడుస్తున్నాయి. 1837 దగ్గర ‘రాయి మోయడానికి మన దేశంలో వేసిన తొలి రైలు దారి’ అనీ, 1853 దగ్గర ‘తొలి ప్రయాణికుల రైలు’ అనీ రాస్తే రెండూ ఒకే గోడ మీద హాయిగా ఉంటాయి.

ఏప్రిల్ 16ను ‘భారతీయ రైల్వే సంస్థ పుట్టినరోజు’ అని రాయడం కూడా నాకు నచ్చదు. ఆ రోజు రైలు నడిపింది లండన్‌లో వాటాలు అమ్ముకున్న జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే) అనే ప్రైవేటు కంపెనీ. దాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నది 1925 జూలై 1న. నిజాం రైల్వే వంటి సంస్థానాల రైల్వేలు కేంద్రం కిందకు వచ్చింది 1950లో. 1853 దేశంలో ప్రయాణికుల రైలుకు పుట్టినరోజు. సంస్థ చరిత్ర వేరే దారి.

తూర్పున హౌరా–హుగ్లీ 1854 ఆగస్టు 15. అదే ముందు కావలసింది, అదృష్టం ముఖం చాటేసింది. బోగీలు తెస్తున్న గుడ్‌విన్ ఓడ హుగ్లీ నది ముఖద్వారం దగ్గర మునిగింది. ఇంజను ఎక్కిన ఓడ పొరపాటున ఆస్ట్రేలియా వెళ్ళింది. దారిలో ఫ్రెంచి పాలనలో ఉన్న చందర్‌నగర్ వల్ల మరో తంటా. బొంబాయి, కలకత్తాలలో ఎవరు ముందన్న పోటీలో ఈ ఓడలు ఎవరి పక్షాన ఉన్నాయో చెప్పనక్కరలేదు.

విదేశీ తేదీల్లో నాకు అత్యంత ఇష్టమైనది అమెరికాది, 1869 మే 10. యూటా రాష్ట్రంలోని ప్రామంటరీ సమ్మిట్ దగ్గర తూర్పు నుంచి వచ్చిన యూనియన్ పసిఫిక్ పట్టాలూ, పడమటి నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ పట్టాలూ కలిశాయి. చివరగా బంగారు మేకు పెట్టారు. ఆ వార్త టెలిగ్రాఫు తీగల మీద దేశమంతా ఒకేసారి పాకింది. వార్షికోత్సవాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఆ మేకునే చూడాలి. దాని మీద చెక్కిన పూర్తయిన తేదీ మే 8! వేడుక ఆ రోజున అనుకుని ముందే చెక్కించారు. వానలు పడి లైను దెబ్బతింది. దానికి తోడు యూనియన్ పసిఫిక్ పెద్ద థామస్ డ్యురాంట్ వస్తున్న రైలును జీతాలు అందని కూలీలు వయోమింగ్‌లోని పీడ్మాంట్ దగ్గర ఆపేశారు. డబ్బు కదిలాకే రైలు కదిలింది. వేడుక రెండు రోజులు వాయిదా పడింది, మేకు మీది తేదీ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ మేకు ఇప్పుడు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. కళ్ళెదుట కనిపించే వస్తువు మీద రాసి ఉన్నా తేదీ తప్పు కావచ్చని మీ క్లబ్బు పిల్లలకు చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు.

‘సముద్రం నుంచి సముద్రం దాకా’ అన్న మాట కూడా ఆ రోజుకు పూర్తిగా నిజం కాదు. తూర్పున ఒమాహా దగ్గర మిస్సోరీ నది మీద అప్పటికి రైలు వంతెన లేదు. ప్రయాణికులు నది దాటి అవతల మళ్ళీ రైలెక్కవలసిందే. వంతెన 1872లో తెరిచారు. ప్రామంటరీ దారి కూడా శాశ్వతం కాలేదు. తరువాత దగ్గరలోని గ్రేట్ సాల్ట్ సరస్సు మీదుగా దగ్గరి దారి వచ్చింది, పాత పట్టాలను 1942లో యుద్ధానికి ఉక్కు కావాలని పీకేశారు. ఇప్పుడు అక్కడ పర్యాటకులు చూసే రెండు ఇంజన్లు 1979లో తెచ్చిన నకళ్ళు. అసలువి ఎప్పుడో తుక్కయ్యాయి.

ఆ ఉత్సవంలో ఎవరిని తలుచుకున్నారన్నది మరో పెద్ద కథ. సియెర్రా నెవాడా కొండల్లో సొరంగాలు తొలిచింది ప్రధానంగా వేలాది చైనా కూలీలు. 1969లో శతాబ్ది సభకు వచ్చిన రవాణా మంత్రి జాన్ వోల్పే అమెరికన్లు తప్ప ఇంకెవరు ఈ పని చేయగలరన్న ధోరణిలో మాట్లాడాడు. చైనా కూలీల ఊసు లేదు. సభలో ఉన్న చైనా అమెరికన్లు ఎంత నొచ్చుకున్నారంటే, ఆ గాయం గురించి యాభై ఏళ్ళ పాటు మాట్లాడుతూనే వచ్చారు. 2019లో 150 ఏళ్ళ సభకు ఆ కూలీల వారసులను పిలిచి గౌరవించారు. మీరు ఏ లైనుకు వార్షికోత్సవం రాసినా, వీలైనచోట ఇంజనీరు పేరు పక్కన కూలీల మాట కూడా ఒక్క ముక్క రాయండి.

జపాను విషయం చిన్నదే, కానీ పంచాంగం చూసే మనకు వెంటనే అర్థమవుతుంది. అక్కడ అక్టోబరు 14 రైల్వే దినోత్సవం. 1872లో మెయిజీ చక్రవర్తి షింబాషి–యొకోహామా లైను ప్రారంభించిన రోజు. అప్పటికి జపాను చాంద్రమానమే పాటిస్తోంది. వాళ్ళ లెక్కలో అది తొమ్మిదో నెల 12వ రోజు. నిజానికి తొమ్మిదో నెల తొమ్మిదో రోజున, పండుగ నాడు ముహూర్తం పెట్టుకున్నారు. వాన పడి మూడు రోజులు వాయిదా వేశారు. అంతకు ముందే ఆ జూన్ 12న షినగావా–యొకోహామా మధ్య తాత్కాలికంగా బళ్ళు నడిపేశారు. పాత పత్రాల్లో ‘9-12’ అని చూసి సెప్టెంబరు 12 అని దించేయకండి. రష్యా తొలి ప్రజా రైల్వేకు కూడా రెండు తేదీలు కనిపిస్తాయి. పాత క్యాలెండరులో 1837 అక్టోబరు 30, కొత్తదానిలో నవంబరు 11.

ఇక తెలుగు నేల. మీరు పంపిన జాబితాలో మొదటి పంక్తి ‘1845, ధవళేశ్వరం రైలు’. ఇది చాలా పట్టికల్లో కనిపిస్తుంది. ఆనకట్టకు రాయి మోయడానికి కాటన్ పట్టాలు వేయించాడన్న దానితో పేచీ లేదు. కానీ ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. పనికి రెండేళ్ళ ముందే రాయి మోసే రైలు ఉందన్న లెక్క అతకదు. అందుకని ఒక ఏడాది వేయడం మానేసి ‘1847–52, ఆనకట్ట నిర్మాణ కాలం’ అని రాయమని నా సలహా.

ప్రయాణికుల రైలు మాత్రం ముందు వచ్చింది గోదావరికి కాదు, రాయలసీమకు. పుత్తూరు–రేణిగుంట 1862. మద్రాసు–బొంబాయి ప్రధాన మార్గంలో అదొక భాగం. కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగిన ఆ లైను 1871లో రాయచూరు దగ్గర జీఐపీ లైనుతో కలిసింది. మద్రాసు, బొంబాయి మన నేల మీదుగా కలిశాయన్నమాట. 1871 మీ జాబితాలో లేదు, చేర్చండి.

హైదరాబాద్ రాజ్యానికి 1874 రాయండి. వాడి జంక్షన్ దగ్గర జీఐపీతో కలిసే సికింద్రాబాద్ లైను తెరిచిన ఏడాది అది. కంపెనీ పేర్లు ఆ తరువాత మారుతూ వచ్చాయి కాబట్టి మీకు 1879, 1883 వంటి అంకెలు కూడా ఎదురవుతాయి. అవి యాజమాన్యానివి, రైలువి కావు. బెజవాడ దాకా నిజాం లైను 1889లో చేరింది. నాంపల్లి 1907, కాచిగూడ 1916 స్టేషన్లవి. వాటిని లైన్ల తేదీలతో కలపకండి.

ఒమాహా దగ్గర చెప్పిన వంతెన సంగతి మనకూ ఉంది. కృష్ణ మీద బెజవాడ వంతెన 1893లోనే వచ్చినా, గోదావరి దగ్గర రెండు ఒడ్డులకూ పట్టాలు చేరి నది మాత్రం అడ్డంగా మిగిలింది. రాజమహేంద్రవరం హేవలాక్ వంతెన పని 1897లో మొదలై, 1900లో రైళ్ళు నడిచాక గానీ కోస్తా లైను అతుకు లేకుండా కలవలేదు. అందుకే కోస్తాకు ఒకే ఒక్క తేదీ ఎంచుకోమంటే నేను 1900 అంటాను. ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. మధ్యలో 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ పుట్టింది కూడా ఆ ఏడాదే, ఫిబ్రవరి 1న. దాని యాభయ్యో ఏడును 2024లో విశాఖలో అభిమానులు కేకు కోసి జరుపుకున్నారు. ఒక రైలుకు అంత ఆప్యాయత దక్కడం మన దగ్గర అరుదే.

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2. ఇది కార్యాలయం పుట్టినరోజు. దాని కింద ఉన్న లైన్లలో కొన్నిటికి అప్పటికే వందేళ్ళ వయసుంది. మీ క్యాలెండరులో వీటికి వేరే రంగు వాడితే మంచిది.

ఇక అంకెల లెక్క. మన రైల్వే 150 ఏళ్ళ ఉత్సవం 2002 ఏప్రిల్ 16న మొదలైంది, పచ్చ లాంతరు పట్టుకున్న గార్డు ఏనుగు భోలూను అప్పుడే తెచ్చారు. 2003లో ముగిసింది. అంటే 150వ ఏట అడుగు పెట్టినప్పుడు మొదలుపెట్టి, నిండినప్పుడు ముగించారు. బ్రిటను వాళ్ళు నిండిన ఏడాదినే చేస్తారు. మీరు ఏ పద్ధతి పాటిస్తారో క్యాలెండరు మొదటి పేజీలోనే రాసి, చివరి దాకా దానికే కట్టుబడండి. లేకపోతే ప్రతి తేదీ దగ్గరా ఒక ఏడాది తేడాతో ఉత్తరాలు వస్తాయి.

నిండిన లెక్క ప్రకారం రాబోయేవి కొన్ని ఇస్తున్నాను. 2026 అక్టోబరు 2కు దక్షిణ మధ్య రైల్వేకు 60. 2028 ఏప్రిల్ 16కు బొంబాయి–ఠాణేకు 175. 2030 సెప్టెంబరు 15కు లివర్‌పూల్–మాంచెస్టర్‌కు 200. 2031 జూలై 1కి రాయపురానికి 175. మన దేశంలో తొలి విద్యుత్ రైలు బొంబాయి వీటీ (విక్టోరియా టెర్మినస్) నుంచి కుర్లాకు 1925 ఫిబ్రవరి 3న నడిచింది కాబట్టి దాని వందేళ్ళు 2025లోనే అయిపోయాయి. ఎర్రకొండల పట్టాలకు 2037లో 200 నిండుతాయి. అది మీ రెండో ముద్రణకు ఉంచుకోండి.